చక్రానికి జింకు

మా తమ్ముడు ప్రేమలో పడ్డాడని నాకు ముందుగా చెప్పింది వాడు కాదు, వాడి స్ప్రే గన్ను.

ఆ సాయంత్రం పని నుంచి వచ్చి వాడు గన్ను విప్పాడు, తిన్నరుతో కడిగాడు, తుడిచి బిగించాడు. అది రోజూ ఉండే తతంగమే. కాసేపాగి మళ్ళీ విప్పాడు. ముందుండే గాలి మూత తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని, దాని బెజ్జాల్లోంచి లోకాన్ని చూశాడు. నాజిల్‌ని మెత్తటి బ్రష్షుతో రుద్దాడు. లోపలుండే పొడుగాటి సూదిని గుడ్డతో తుడుస్తూ తనలో తనే నవ్వుకున్నాడు. ముచ్చటగా మూడోసారి విప్పేసరికి నేను గరిటె కింద పెట్టి, "ఎవర్రా ఆవిడ?" అన్నాను. వాడు ఉలిక్కిపడి, నూనె గిన్నెలో ముంచాల్సిన సూదిని నా టీలో ముంచాడు.

ఇక దాచి లాభం లేదని ఇద్దరికీ అర్థమైంది. టీ పారబోసి ఎదురెదురుగా కూర్చున్నాం.

ముందు మా సంగతి చెప్పాలి. మేము జింకు కొట్టేవాళ్ళం. ఇనుముకు తుప్పు పట్టకుండా జింకు పొడి కలిపిన పెయింటు కొడతామన్నమాట. గేట్లు, నీళ్ళ ట్యాంకులు, పడవల అడుగులు, ఏదొస్తే అది. గొట్టానికి ఆ చివర గన్ను పట్టుకుని వాడుంటాడు, ఈ చివర పెయింటు పాత్ర దగ్గర నేనుంటాను. దాని అసలు పేరు ప్రెషర్ పాట్. మేము కుండ అంటాం. అందుకే ఊళ్ళో నన్ను చిన్నా పెద్దా అందరూ కుండక్క అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు ఎవరైనా నా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి ఎవర్నా అని చూస్తాను.

జింకు పెయింటు మామూలు పెయింటులాగా చెప్పిన మాట వినే రకం కాదు. అందులో ఉన్నది లోహప్పొడి. బరువు. కలుపుతున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది, కలపడం ఆపితే అడుక్కి వెళ్ళి కూర్చుంటుంది. కుండలో తెడ్డు ఆగితే కుండలో పేరుకుంటుంది. గన్ను ఆగితే గొట్టంలో పేరుకుంటుంది, సూది చుట్టూ చేరి రాయి అవుతుంది. అప్పుడు ఎంత మంచి గన్నైనా తలుపు గొళ్ళేనికి తప్ప పనికిరాదు. కాబట్టి మా ఇంట్లో ఒకే ఒక చట్టం ఉంది. మొదలుపెడితే ఆపకూడదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేను "ఆపకు, ఆపకు" అని అరుస్తూనే ఉంటాను. నిద్రలో కూడా అంటానట. వాడే చెప్పాడు, అబద్ధమై ఉంటుంది.

ఆ గన్నంటే వాడికి ప్రాణం. రోజూ అన్నానికి ముందే దాన్ని విప్పి నా కంచాల్లో ఆరబెడతాడు. గన్ను మొత్తాన్ని తిన్నరులో నానబెడితే లోపలి ప్యాకింగు ఎండి చచ్చిపోతుందని, ముందు భాగం మాత్రమే ముంచుతాడు, పసిపిల్లకి స్నానం చేయించినంత నెమ్మదిగా. బెజ్జం పూడుకుపోతే ఇనుప తీగ పెట్టడు, పుల్ల చెక్కి తీస్తాడు. అంతా అయ్యాక గన్ను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలని ఇంట్లో కనబడ్డ ఇనుముకల్లా ఒక పూత కొడతాడు. మా బకెట్టు పిడికి జింకు, కిటికీ ఊచలకి జింకు, గడ్డపారకి జింకు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం బల్ల మీద తాళంచెవులు మరిచిపోతే వాటికీ కొట్టాడు. ఆయన ఇంటి తలుపు ఇప్పటికీ ఓ పట్టాన తెరుచుకోదు.

ఇంతకీ ఆవిడెవరంటే, సముద్రం ఒడ్డున మైదానంలో ఉన్న జెయింట్ వీల్ ఓనరు. చక్రమ్మ అంటారు. నడివయసు మనిషి, మాట సూటి, చెయ్యి గట్టిది. వీల్ నడపడం, నట్లు బిగించడం, గ్రీజు పెట్టడం, టిక్కెట్లమ్మడం అన్నీ ఆవిడే. ఆ చక్రాన్ని విప్పి ఓడెక్కించి ఇంకో రేవుకు తీసుకెళ్ళాలని ఆవిడ ఆలోచన. సముద్రం మీద ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టిపోతుంది కాబట్టి, విప్పే ముందు ఎవరో మమ్మల్ని కలవమన్నారు. బేరానికి మా షెడ్డుకు వచ్చింది. వాడు ఒక పంపు మూతకు కొడుతుంటే కాసేపు నిలబడి చూసి, "మీ చెయ్యి భలే నిలకడగా ఉందండీ" అంది. అంతే. ఆ మాటతో వాడి చెయ్యి వణికి పంపు మూత మీద పెయింటు ధార కట్టింది. ఇన్నేళ్ళలో వాడు ధార కట్టించడం నేను చూడలేదు.

"మరి అడిగావా?" అన్నాను.

"అడిగానక్కా."

"ఎలా అడిగావు?"

వాడు సూది తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అడిగినప్పుడు ఆవిడ చక్రం మీద పైన ఎక్కడో గ్రీజు పెడుతోందట. వీడు కిందనుంచి అరిచి అడిగాడట. మైదానంలో ఉన్నవాళ్ళందరూ విన్నారట. ఆవిడ నెమ్మదిగా దిగి, చేతులు తుడుచుకుని, ఇలా అందట: "నేను కోపంతో చెప్పట్లేదు. నా బతుకులో సగం ఈ చక్రం మీదే గడుస్తుంది. నేను పైకెక్కినప్పుడల్లా కింద కళ్ళు మూసుకుని నిలబడే మనిషితో ఎలా వేగను? ఒక్కసారి నాతో పైదాకా రండి. అక్కడ అడగండి. అవునో కాదో అక్కడే చెప్తాను."

ఇక ఆశ లేదనుకున్నాను. ఎందుకంటే మా వాడికి ఎత్తంటే భయం. భయమంటే అంతా ఇంతా కాదు. బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి. అటక మీది సామాను నేనే దించాలి. ట్యాంకుల పని వచ్చినప్పుడు కింద సగం వీడు కొడితే, పై సగానికి ఇంకొకర్ని పిలిచి భోజనం పెట్టి బతిమాలుకుంటాం. ఆ చక్రమేమో రెండంతస్తుల మేడకంటే ఎత్తు. పని అయిపోయాక దాన్ని విప్పేస్తారు, ఆవిడ ఓడెక్కి వెళ్ళిపోతుంది. అంటే వాడికున్న అవకాశం ఆ పని జరిగే రోజే.

మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టాం. మొదట పీట ఎక్కించాను. బాగానే ఉన్నాడు. పీట మీద కుర్చీ కాదు, ఉత్త కుర్చీ ఎక్కించాను. అలమారా పట్టుకుని నిలబడి, "అక్కా, ఇక్కణ్ణుంచి నువ్వు వేరేలా కనిపిస్తున్నావు" అన్నాడు. నిచ్చెన రెండో మెట్టు మీద వాడి మొహం మా కిటికీ ఊచల రంగులోకి వచ్చింది. మూడో మెట్టు మీద కాలు పెట్టి, అక్కడే ఉండిపోయాడు. పైకి వెళ్ళడు, కిందికి రాడు. పక్కింటివాళ్ళు వచ్చి పండిన మామిడికాయను దించినట్టు జాగ్రత్తగా దింపారు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. గన్ను కూడా విప్పలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. వాడికి నేను తప్ప ఎవరూ లేరని ఊళ్ళో అందరూ అంటుంటే నాకు గొప్పగా ఉండేది. ఆ రాత్రి మాత్రం అది గొప్ప కాదనిపించింది.

పని రోజు రానే వచ్చింది. ఎండ బాగా కాసింది, గాలి పొడిగా ఉంది. చక్రానికున్న, జనం కూర్చునే తొట్లన్నీ విప్పి పక్కన వరసగా పెట్టారు. ఒక్కటి మాత్రం బోల్టు పట్టేసి ఊడలేదు, దాన్నలాగే వదిలేశారు. ఇసుక కొట్టి పాత తుప్పు వదిలించే ఆయన పొద్దున్నే వచ్చి, చక్రమంతా తెల్లగా మెరిసేలా గీకిపెట్టాడు. ఆయన్ని నేను ఇసుకాసురుడు అంటాను. ఎక్కడ పనిచేసినా నా కుండలో పిడికెడు ఇసుక పోస్తేగాని ఆయనకు నిద్రపట్టదు. అలా గీకిన ఇనుము మీద ఆ రోజే జింకు పడాలి. సాయంత్రం సముద్రం మీంచి చెమ్మగాలి తిరిగిందంటే దాని మీద ఎర్రగా తుప్పు పొడుస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

ఎక్కకుండా కొట్టే ఉపాయం మా వాడే కనిపెట్టాడు. మనం చక్రం మీదికి వెళ్ళడమెందుకు, చక్రమే మన దగ్గరికి వస్తుంది కదా అన్నాడు. కింద జనం ఎక్కే అరుగు మీద వీడు నిలబడతాడు. చక్రమ్మ వాళ్ళ బాబాయి మోటారు తీసేసి, చేత్తో తిప్పే హ్యాండిలు బిగించి, చక్రాన్ని నత్తలాగా తిప్పుతాడు. ఇనుము వీడి ముందు నుంచి పైకి పోతుంటే వీడు కొడుతూ ఉంటాడు. పని విషయంలో వాడి బుర్ర అలా పాదరసంలా పనిచేస్తుంది. పెళ్ళి విషయంలోనే మట్టిబుర్ర.

జింకు పొడిని జల్లెడ పట్టి కలిపాను, కుండలో పోసి మూత బిగించాను. గాలి పెట్టగానే లోపల తెడ్డు తిరగడం మొదలైంది. బాబాయి దగ్గరికి వెళ్ళి, "ఆకాశం విరిగి మీద పడ్డా తిప్పడం ఆపొద్దు, నేను చెప్పేదాకా" అన్నాను. ఆయన పల్లీలు నములుతూ సరేనన్నాడు.

వాడు తలకు ముసుగు తొడుక్కున్నాడు. ఊపిరికి గాలి వడగట్టే డబ్బా, ముందు చూడ్డానికి చిన్న అద్దం, పక్కలకు ఏమీ కనబడదు. గన్ను ఇనుముకు జానెడు దూరంలో పెట్టి ట్రిగ్గరు నొక్కాడు. ముందు సగం నొక్కితే గాలి, పూర్తిగా నొక్కితే పెయింటు. చప్పుడు విన్నాను, తేనెటీగ పాట. ఇక పరవాలేదనుకున్నాను. జానెడు కంటే దగ్గరైతే ధారలు కడుతుంది, దూరమైతే గాల్లోనే ఎండి ఇసుకలాగా గరుగ్గా పడుతుంది. ఆ జానెడు దూరం తప్పనివ్వడు వాడు. ఇనుము వంకర తిరిగితే వాడూ వంకర తిరుగుతాడు, వంగితే వంగుతాడు. గన్ను పట్టుకున్నాక వాడి కాళ్ళు వాడివి కావు.

మధ్యాహ్నం భోజనాల్లేవు. చక్రం బూడిదరంగు వేసుకుంటూ తిరుగుతోంది. చివరికి ఆ మిగిలిపోయిన తొట్టి ఉన్న చోటొక్కటే ఉండిపోయింది. తొట్టికి రెండు పక్కలా ఉన్న చక్రం రింగుల లోపలి వైపు దుమ్ము ఎవరో ఒకరు తుడవాలి. చక్రమ్మ ముక్కుకు మాస్కు కట్టుకుని, నడుముకు సేఫ్టీ బెల్టు బిగించుకుని, బ్రష్షు పట్టుకుని ఆ తొట్టిలో కూర్చుంది. ఆవిడ దుమ్ము దులుపుతూ పోతే, తొట్టి అరుగు ముందుకు వచ్చినప్పుడు వీడు చెయ్యి చాపి లోపలి వైపు కొట్టాలని మాట.

తొట్టి వచ్చింది. వాడు చెయ్యి చాపాడు. చాపితే జానెడు కాదు, రెండు జానలుంది. వాడి భుజం చూసి నాకు తెలిసిపోయింది, ఆ దూరం వాడికి నచ్చలేదు. ఒక కాలు ముందుకు పడింది. ఇంకో కాలు దాని వెనకే వెళ్ళింది. వాడు అరుగు దిగలేదు, అరుగే వాడి కిందనుంచి వెళ్ళిపోయింది. తొట్టిలోకి ఎక్కి, రింగుకు సరిగ్గా జానెడు దూరంలో నిలబడి, హాయిగా కొట్టుకుంటున్నాడు.

బాబాయి తిప్పుతూనే ఉన్నాడు.

నేను నోరు తెరిచాను. చక్రమ్మ నా వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టింది. తర్వాత సీటు మీదున్న రెండో బెల్టు తీసి, వాడి వెనకనుంచి నడుం చుట్టూ తిప్పి, చప్పుడు కాకుండా తగిలించింది. నేను గొట్టం సర్దుతున్నాననుకుని వాడు, "అక్కా, కొంచెం వదులు చెయ్యి" అన్నాడు ముసుగులోంచి. అక్క కింద నేల మీద ఉందిరా నాయనా అనుకున్నాను.

అరిస్తే వాడు కిందికి చూస్తాడు. చూస్తే ఆ తొట్టిలోనే కొయ్యబారిపోతాడు. అరవకపోతే గొట్టం చాలదు. జింకు పేరుకోకుండా ఉండాలని మేము పొట్టి గొట్టమే వాడతాం. అది నేల మీంచి లేచి, నా కళ్ళ ముందే పైకి పాకుతోంది. ఇంకాసేపట్లో బిగిసిపోయి వాడి చేతిలోని గన్ను లాక్కుంటుంది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండింటికీ తీరిక లేదు. కుండ కింది చక్రాలకు అడ్డం పెట్టిన కట్టెలు తన్నేసి, దాన్ని తోసుకుంటూ సరిగ్గా తొట్టి కిందికి తెచ్చాను. పైకి ఎక్కాలంటే పెయింటుకు బలం కావాలి, గాలి పెంచాను. గొట్టం మళ్ళీ బిగుస్తోంది. పక్కన టిక్కెట్లిచ్చే గదికి ఇనుప మెట్లున్నాయి.

"ఇలా రావయ్యా" అన్నాను ఇసుకాసురుడితో.

"ఏం చేద్దాం?"

"కుండని మెట్లెక్కిద్దాం."

"నీకేమైనా మతి పోయిందా, అది జింకు."

"అవును, పోయింది. పట్టు."

ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మెట్టు మెట్టుకూ ఒక తిట్టు చొప్పున కుండని ఎక్కించాం. ఆయన తిట్లు నాకు కొత్త, నావి ఆయనకు కొత్త. పై మెట్టు మీద కుండ పెట్టి తలెత్తి చూస్తే గొట్టం మళ్ళీ వదులుగా ఊగుతోంది. పైన వాడు రింగు లోపలి వైపు, అడ్డ కడ్డీలు, బోల్టు తలలు ఒక్కటీ వదలకుండా కొట్టుకుపోతున్నాడు. తేనెటీగ పాట ఆకాశంలోంచి వస్తోంది. నా పిరికి తమ్ముడు గాల్లో తేలుతున్నాడు. నాకు గంతులెయ్యాలనిపించింది, నడుం ఒప్పుకోలేదు.

తొట్టి పైకొసకు చేరుతుండగా పాట ఆగింది. ఆ పక్క పని అయిపోయినట్టుంది. వాడు ట్రిగ్గరు వదిలి, అలవాటు ప్రకారం ముసుగు పైకెత్తి, చెమట తుడుచుకోబోయాడు. అప్పుడు చూశాడు.

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. గన్ను పక్కన కొక్కేనికి తగిలించి, రెండు చేతులతో తొట్టి కడ్డీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, అలాగే తొట్టి అడుగున కూలబడ్డాడు. చక్రమ్మ వాడి పక్కన కూర్చుంది. వాడి వైపే చూస్తోంది. వాడే అడగాలి కదా. బాబాయి హ్యాండిలు తిప్పుతూనే ఉన్నాడు, తొట్టి పైకొసను దాటబోతోంది. దాటితే దిగడమే. ఇంకోసారి వాణ్ణి ఎవరూ ఎక్కించలేరు. ఆవిడ అడగమన్న చోటు అదే, అక్కడ వాడికి కాసింత సమయం కావాలి.

నేను గొట్టం మీద చెయ్యి వేశాను. గొట్టం పట్టుకుంటే చాలు, లోపల పెయింటు పారుతోందో లేదో నాకు తెలుస్తుంది. పారడం లేదు. జింకు దిగిపోతోంది. ఇప్పుడు చక్రం కిందికి వచ్చేస్తే గన్ను బతుకుతుంది, పైన ఆగితే పోతుంది. వాడు పసిపిల్లలా కడుక్కునే గన్ను.

"బాబాయ్, ఆపు" అన్నాను.

ఆయన నమలడం ఆపి నన్ను చూశాడు. "నువ్వేగా ఆకాశం విరిగి మీద పడ్డా ఆపొద్దన్నావు."

"ఇప్పుడూ నేనే చెప్తున్నాను. ఆపు."

చక్రం ఆగింది. సముద్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. పైన వాడి పెదాలు కదులుతున్నాయో లేదో కిందనుంచి ఏం తెలుస్తుంది? ఇసుకాసురుడు నా పక్కన నిలబడి, తొలిసారిగా మర్యాదగా, "అడుగుతున్నాడంటావా?" అన్నాడు. "నోరు మూసుకుని చూడు" అన్నాను. నా చెయ్యి గొట్టం మీదే ఉంది. చచ్చిన పాములాగా చల్లగా ఉంది గొట్టం. నేను లోలోపల వాణ్ణి తిడుతున్నాను, బతిమాలుతున్నాను. అడగరా, వెర్రి నాగన్నా, గన్ను పోతే పోయింది, కొత్తది కొనుక్కోవచ్చు, అడుగు.

గొట్టం నా అరచేతి కింద చిన్నగా వణికింది.

ముందు నమ్మలేదు. మళ్ళీ వణికింది. పెయింటు పారుతోంది. తలెత్తి చూస్తే వాడి రెండు చేతులూ కడ్డీ మీదే ఉన్నాయి. కళ్ళు మూసుకునే ఉన్నాయి. గన్ను చక్రమ్మ చేతిలో ఉంది. మాస్కు సర్దుకుని, ఒంటి మోకాలి మీద నిలబడి, మిగిలిన అవతలి రింగుకు కొడుతోంది. అబ్బ, ఏం కొట్టడమది. చీపురుతో బూజు దులిపినట్టు. ఒక చోట ఎండిపోయి పొడి, ఇంకో చోట ధారలు. వాడు కళ్ళు మూసుకునే చెవులతో ఆ చప్పుడు విని తల ఊపుతూ ఏదో చెబుతున్నాడు, ఆవిడ దగ్గరికి జరుగుతోంది, మళ్ళీ చెబుతున్నాడు, సగం జానెడు వెనక్కి జరుగుతోంది. చెయ్యి కాస్త కుదుటపడింది. గన్ను ఆగిపోతే రాయి అవుతుందని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు, పొద్దుట్నుంచి నా అరుపులు వింటూనే ఉంది. వాడి గన్నును చావనివ్వకూడదని ఆవిడకు తోచింది. అంతకంటే నాకేం కావాలి? నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఇసుకాసురుడు రుమాలు ఇచ్చాడు. దాన్నిండా ఇసుకే.

తొట్టి కిందికి వచ్చాక వాణ్ణి ఇద్దరం పట్టి అరుగు మీద దింపాం. కళ్ళు ఇంకా తెరవలేదు. "నేల వచ్చిందా?" అన్నాడు. వచ్చిందని చెప్పినా నమ్మక కాలితో తట్టి చూసుకున్నాడు. అప్పుడు నవ్వాడు. ఏమైందిరా అని అడగబోయాను. ఈలోపు చక్రమ్మ తొట్టిలోంచి దిగకుండానే మాస్కు తీసి, "వదినా, మీరూ ఎక్కండి" అంది.

పొద్దుట దాకా నేను ఆవిడకు కుండక్కనే. నాకు జవాబు తెలిసిపోయింది.

"నేనెందుకమ్మా, గన్ను కడగాలి" అన్నాను.

"ఆయన కడుక్కుంటారు. మీతో కూడా ఒక మాట అడగాల్సింది ఉంది. అది పైనే అడుగుతాను."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ కడుపున పుట్టిన పిరికివాడు వాడొక్కడే కాదు. కాకపోతే కుండ నేల మీదే ఉంటుంది కాబట్టి నా భయం ఎవరి కంటా పడలేదు. అటక ఎక్కేటప్పుడు కూడా నేను కళ్ళు మూసుకునే ఎక్కుతాను. వాడికి తెలియదు. ఇసుకాసురుడు మాత్రం నా మొహం చూసి పసిగట్టి, పళ్ళికిలించాడు. ఆ పళ్ళు చూసి ఎక్కాను.

బాబాయి తిప్పాడు. నేను కడ్డీ పట్టుకుని దేవుళ్ళందరినీ వరసగా పిలిచాను. పైకి వెళ్ళాక తొట్టి ఆగింది, కాస్త ఊగింది. ఆ ఊగడంలో నా ప్రాణం సగం పోయింది.

"వదినా, ఓడ మాట్లాడి పెట్టాను, మీకు తెలుసు కదా" అంది ఆవిడ. "వాళ్ళకింకా చివరి మాట చెప్పలేదు. ఆయన్ని అడిగితే అక్క ఎక్కడుంటే అక్కడ అన్నారు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. అందరం కలిసి అవతలి రేవుకు పోదామా, ఇక్కడే చక్రం పెట్టుకుని ఉందామా? మీరెటంటే అటు."

ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు. వాడికి పెళ్ళయితే నేనేమవుతానన్నది నాలోనే ఒక మూలకు తోసి పెట్టుకున్నాను, అది కూడా ఆవిడకు తెలిసినట్టుంది. ఒక కన్ను తెరిచాను. కింద అరుగు మీద వాడు గన్ను విప్పి, మూత ఓ పక్కా, నాజిల్ ఓ పక్కా పెట్టుకుని కడుక్కుంటున్నాడు. ఈ లోకంలో లేడు. రెండో కన్ను తెరిచాను. సముద్రం ఇంత ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. రేవులో ఒక ఓడ ఉంది, మా షెడ్డుకంటే ఎన్ని రెట్లో చెప్పలేను. దాని పక్కలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

"ఓడలో కుండ ఎక్కడ పెడతావు?" అన్నాను.

"మీ పక్కనే వదినా."

"సరే అయితే. ఇక దించమను."